తుఫాన్ కావాలె

నాకు బండ్లన్నీ ఎత్తును బట్టి తెలుసు. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు నా చక్రాల కుర్చీకి అందుతుంది, కానీ తలుపు సన్నం, లోపల ఇంకా రెండు మెట్లు, పట్టుకునే కడ్డీ ఎడమ పక్క. నా బలమంతా కుడిచేతిలో ఉంది. ఆటో నేలకు దగ్గరే, కానీ డ్రైవరు సీటు వెనుక నా కాళ్లు మడిచి సర్దడానికి ఇంకో మనిషి కావాలి. కారు తలుపు తీస్తే చాలు, ఎవరో ఒకరు చేతులు చాపుతూ ముందుకు వస్తారు.

తుఫాన్ ఒక్కటే వేరు. మా గద్వాల దిక్కున ఊరికీ ఊరికీ మధ్య తిరిగే పెద్ద జీపును తుఫాన్ అంటారు. అది ఒక కంపెనీ తన బండికి పెట్టుకున్న పేరు. తరువాత అలాంటి బండి ఎవరిది వచ్చినా మా నోటికి తుఫానే అయింది. వెనుక తలుపు తీస్తే ఎదురెదురుగా రెండు బల్లలు, వాటి మధ్య ఖాళీ నేల, తలుపుకు రెండు పక్కలా ఇనుప కడ్డీలు. నేను కుర్చీని బండికి ఆనించి, వీపు అటు తిప్పి, చేతులు వెనక్కి చాపి కడ్డీలు పట్టుకుని ఒళ్లంతా ఒక్కసారి పైకి లాగుతాను. బండి నేల మీద కూర్చుంటాను. తరువాత కాళ్లను ఒక్కొక్కటీ, వెంట తెచ్చుకున్న సామాను సర్దుకున్నట్టు, లోపలికి తీసుకుంటాను. డ్రైవరు జంగయ్య అంతసేపూ ముందు టైరును కాలితో తన్ని చూస్తూ నిలబడతాడు. ఆ టైరులో గాలి ఎప్పుడూ సరిగానే ఉంటుంది.

రెండో ఏట జ్వరం వచ్చి కాళ్లు పోయాయి. ఇప్పుడు నాకు ముప్పై ఆరు. మా నాయన బాలకిష్టయ్య మగ్గం మీద చీరలు నేస్తాడు, నేను పక్కన కూర్చుని ఆయనకు కండెలు చుడతాను. నన్ను చిన్నప్పుడు నాయన ఎత్తుకున్నాడు, తరువాత అన్న రాఘవేంద్ర ఎత్తాడు, పెళ్లిళ్లలో ముఖం తెలియని వాళ్లు ఎత్తారు. ఎత్తినప్పుడు మనిషికి ఏం కనిపిస్తుందో ఎవరూ అడగరు. పైకప్పు కనిపిస్తుంది. ఎత్తినవాడి గడ్డం కింది భాగం కనిపిస్తుంది. వాళ్లు నా తలమీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, బల్లను గదిలోంచి గదిలోకి మార్చేటప్పుడు మాట్లాడుకున్నట్టు. పంతొమ్మిదో ఏట వనపర్తి బస్టాండులో, అన్న నీళ్ల సీసా కోసం పోయినప్పుడు, ఎవరో మంచి మనిషి నన్ను అడగకుండానే ఎత్తి బస్సులో కూర్చోబెట్టాడు. అది మా బస్సు కాదు. పెబ్బేరు దాకా పోయాక కానీ ఆపమని చెప్పడానికి నాకు గొంతు రాలేదు. అసలు నేను భయపడింది దారి తప్పినందుకు కాదు. ఆ చేతుల్లో ఉన్న కాసేపు నా ఒళ్లు, నేను ఏమీ చెప్పకుండానే, తనంతట తాను బరువు వదిలేసి మెత్తబడిపోయింది. దానికి అలవాటు ఉంది. ఆ అలవాటుకు భయపడ్డాను.

ఆ రోజు నుంచి నన్ను ఎవరూ ఎత్తలేదు. పదిహేడేళ్లు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అది పంతం అవుతుంది, పంతం అయితే బుజ్జగింపులు మొదలవుతాయి. ఎత్తాల్సిన చోట్లకు పోవడం మానేశాను, అంతే. తుఫాన్ పోయే చోటికి పోయాను. మెల్లగా నా ప్రపంచానికి అదే సరిహద్దు అయింది.

తుఫాన్ కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల దాకా పోతుంది. అక్కడే సాంసన్ అన్న పరిచయమయ్యాడు. ఆయనది బిజినేపల్లి. కూలి కోసం దేశాలు పట్టిన ఇంటి మనిషి. మస్కట్‌లో సముద్రం లోపలికి దిగేవాళ్ల పడవ మీద పన్నెండేళ్లు పనిచేశాడు. మొదట గాలి సిలిండర్లు మోశాడు, తరువాత తనూ దిగడం నేర్చుకున్నాడు, చివరికి ఎడమ చెవి పాడై తిరిగొచ్చాడు. ఇప్పుడు ఆదివారాలు సోమశిల రేవులో మాలాంటి వాళ్లకు ఈత నేర్పుతాడు. వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినపడదేమో అన్నట్టు అరుస్తాడు.

"నీళ్ల కింద నిలవడుడు ఉండదు చెల్లె," అన్నాడు మొదటి రోజే. "కూసునుడు గూడ ఉండదు. అందరు యాలాడుకుంటనే ఉంటరు. ఎవని కాళ్లు పనిజేస్తున్నయో, ఎవనియి చేస్తలేవో సూసేటోనికి తెల్వదు."

నేను ఆ మాట ఇంటికి తెచ్చుకున్నాను. కండెలు చుడుతూ దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాను. రెండేళ్లు చూసుకున్నాను. ఆ రెండేళ్లలో ఈత వచ్చింది, భుజాలు గట్టిపడ్డాయి. మస్కట్‌లో ఆయనకు నేర్పిన గురువు ఇప్పుడు నడవలేని వాళ్లకు కూడా సముద్రంలో దిగడం నేర్పుతున్నాడట. ముగ్గురిని తీసుకురమ్మన్నాడు. నేను, బిజినేపల్లి హెప్సిబా, ఇటిక్యాల దేవరాజు, మాతో సాంసన్ అన్న. హెప్సిబాకు ఒక కాలు పొట్టి, బట్టలు కుడుతుంది. దేవరాజు బోరుబండి పనిలో మోకాలి కింద కాలు పోగొట్టుకుని పెట్టుడు కాలుతో నడుస్తాడు. పాస్‌పోర్టులు వచ్చాయి, నవంబరులో ప్రయాణం కుదిరింది. సాంసన్ అన్న తలా ఒక పని పంచాడు.

"బండి సంగతి నీదమ్మా," అన్నాడు నాతో. "ఆడ మురాద్ అని నా పాత దోస్తున్నడు, బండ్లు కిరాయికిస్తడు. నీకెసొంటిది గావాల్నో నువ్వే మాట్లాడుకో. నీకు ఉర్దూ వస్తది గదా."

వస్తుంది. గద్వాల కోట పక్క గల్లీలో పెరిగిన ఉర్దూ.

మంగళవారం మధ్యాహ్నం నాయన భోంచేసి కునుకు తీస్తుండగా ఫోను చేశాను. మురాద్ గొంతు బరువుగా, దయగా ఉంది. ఎంతమందో చెప్పాను, ఎన్ని రోజులో చెప్పాను. ఎలాంటి బండి కావాలని అతను అడగకముందే, రెండు రోజులుగా మనసులో పేర్చుకున్న మాట చెప్పేశాను.

"హమ్‌కు తుఫాన్ హోనా, భాయ్."

మాకు తుఫాన్ కావాలి అని నా ఉద్దేశం. మా దిక్కు ఉర్దూలో ఏది కావాలన్నా 'హోనా' అనే అంటాం. చాయ్ హోనా, టికెట్ హోనా.

అతను మెల్లగా, చంటిపిల్లకు చెప్పినట్టు, తుఫాన్ లేదమ్మా అన్నాడు. నవంబరులో రాదు, నువ్వు పరేషాన్ కావద్దు అన్నాడు.

"ఎట్లన్న జేసి రావాలె భాయ్," అన్నాను ఉర్దూలో. "తుఫాన్ రాకుంటె నేను రాను."

"ఎందుకమ్మా నీకు తుఫాన్?"

"నీళ్లల్ల దిగనీకి."

"తుఫాన్‌లో నీళ్లల్లోకి దిగుతారా మీరు?"

"ఎప్పుడు గట్లనే పోతం. పన్నెండు మందిమి కూడ పోయినం. భయమేం లేదు."

అతను దేవుణ్ణి తలుచుకున్నాడు. తమ దేశంలో తుఫాన్ వస్తే పోలీసులు ఎవరినీ సముద్రం దగ్గరికి పోనివ్వరని, దారులన్నీ మూసేస్తారని చెప్పాడు. మా దగ్గర కూడా పోలీసులు తుఫాన్లను ఆపుతారు, ఎక్కువ మందిని ఎక్కించుకున్నారని. కానీ దారులు మూసేటంత కోపం వాటి మీద ఎందుకో నాకు అర్థం కాలేదు. పరాయి దేశం, వాళ్ల కానూన్లు వాళ్లవి అనుకున్నాను. సరే భాయ్ అని ఫోను పెట్టేశాను.

నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. నెమ్మది. వేడి రోజున గచ్చు మీద చెంప ఆనించినట్టు. ఇక పోనవసరం లేదు. పోకపోవడానికి నాది కాని కారణం ఒకటి దొరికింది. నేను భయపడలేదు, వెనక్కి తగ్గలేదు, అక్కడ తుఫాన్ లేదు, అంతే. ఆ నెమ్మదిని నేను కాసేపు తిప్పి చూశాను. దాని కింద ఏముందో చూడాలనిపించలేదు.

కండె తిరుగుతూ ఉంది. నాయన లేచి మగ్గం గుంటలో కాళ్లు దించినట్టున్నాడు, పలక చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుకు నాకు కళ్లు మూతపడ్డాయి. జంగయ్య బండి గద్వాల నుంచి బయలుదేరింది. ఎర్రవల్లి దాటింది, బీచుపల్లి వంతెన ఎక్కలేదు, దాని పక్కనుంచి దిగి కృష్ణలోకి పోయింది. ఆగలేదు. నీళ్లు అద్దాల దాకా వచ్చాయి, అద్దాలు దాటాయి, పైన మూసుకున్నాయి. లోపల ఎదురెదురు బల్లల మీద అందరం మోకాళ్లు తగిలేలా కూర్చున్నాం. ఎవరి ఊపిరి వాళ్లకు వినపడుతోంది. ఆకుపచ్చని వెలుతురు. ఎవరి చేతిలోంచో ఒక నూలుపోగు విడివడి, బండి అంతా మెల్లగా తిరుగుతూ, అందరి మణికట్లనూ తాకుతూ పోయింది. ఎక్కడ దిగాలి అని జంగయ్య అడిగాడు. ఇంకా ముందుకు అన్నాను. ఎంత ముందుకు అన్నాడు. కళ్లు తెరిస్తే కండె నిండి దారం పక్కకు పోతోంది. నా ముఖం తడిగా ఉంది.

ఆదివారం సోమశిలలో ఎండ మెత్తగా ఉంది. సాంసన్ అన్న మోకాలిలోతు నీళ్లలో నిలబడి దేవరాజుకు ఊపిరి పట్టడం నేర్పుతున్నాడు. హెప్సిబా మెట్ల మీద జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"అన్నా, నేను మస్కట్‌కు రాను," అన్నాను.

"ఆఁ?" అని మంచి చెవి నావైపు తిప్పాడు.

"రాను అంటున్న. ఆడ తుఫాన్ లేదంట. రాదంట. పోలీసోళ్లు పోనియ్యరంట."

సాంసన్ అన్న ముఖంలో మొదట ఏమీ లేదు. తరువాత పెదవులు వణికాయి. ఆయన నీళ్లల్లోనే కూలబడి, నడుము పట్టుకుని, కృష్ణ అవతలి ఒడ్డుకు వినపడేలా నవ్వడం మొదలుపెట్టాడు. దేవరాజు పట్టిన ఊపిరి వదిలేసి దగ్గుతూ చూశాడు.

"మురాద్ నాకు ఫోన్ జేసిండు," అన్నాడు అన్న కళ్లు తుడుచుకుంటూ. "మీ చెల్లె మంచిగనే ఉందా అని అడిగిండు. జర మనసు బాగలేనట్టుంది, మా దేశానికి తుఫాన్ రావాలె, తుఫాన్ వస్తెనే నేనొస్త అంటుంది, పన్నెండుమందితోని గాలివానల దిగుతరంట, గీమెను సముద్రం కాడికి తేవద్దు సాంసన్ అంటడు! తుఫాన్ అంటె ఆడ గాలివాననే అమ్మా! బండి గాదు!"

హెప్సిబా మెట్టు మీద దొర్లింది. "అయ్యో అక్కా, దేశాన్నే ముంచుదామనుకున్నవా నువ్వు?"

"మన జంగయ్య బండి ఎక్కినోనికి రెండిటికి ఫరక్ తెల్వదు తియ్," అన్నాడు దేవరాజు. "నాకైతె ఎక్కిన్నాడు గాలివాననే, దిగిన్నాడు గాలివాననే."

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉండగా అడుగున ఉన్నది పైకి తేలింది. వాళ్ల నవ్వు అయిపోగానే ఏం వస్తుందో నాకు తెలుసు. అది వచ్చింది.

"ఆడ అసొంటి జీపు దొరకదు గని," అన్నాడు సాంసన్ అన్న, "మస్తు మంచి బండ్లున్నయి. ఏసీ బండ్లు. ఎత్తుగ ఉంటయి గని ఏమైతది, నేను, దేవరాజు చెరో దిక్కు పట్టుకుంటె అయిపాయె. ఎత్తి కూసోబెడ్తం."

"ఒద్దు," అన్నాను.

"బరువా నువ్వు? పిట్టంత లేవు."

"బరువు గాదన్నా." నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నన్ను ఎవ్వరు ఎత్తొద్దు."

పడవ ఇంజను ఒకటి దూరంగా కొట్టుకుంటోంది. మాట అక్కడితో ఆపేయవచ్చు అనుకున్నాను. ఆపలేదు.

"బండి ఎక్కేకాడ గాని, నీళ్లల్ల దిగేకాడ గాని. ఎవరి చేతుల మీదనో నీళ్లదాక పోతే, నీళ్లల్ల గూడ నాకు గా చేతులే యాదికుంటయి. గట్లయితె ఇంట్ల ఉన్నా ఒకటే, సముద్రంల ఉన్నా ఒకటే. పోవుడెందుకు?"

సాంసన్ అన్న నీళ్లలోంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. "గంతేనా?" అన్నాడు. ఆయన గొంతు అంత తగ్గడం నేను ఎప్పుడూ వినలేదు.

"గంతే."

"మరి గదే జెప్పాలె గదనే మురాద్‌కు. తుఫాన్, తుఫాన్ అని పేరు జెప్తె వానికేం దెలుస్తది? తుఫాన్‌తోని నీకేం పని? నువ్వు ఎక్కొచ్చేది గావాలె."

దేవరాజు తడి తల తుడుచుకుంటూ, ఎవరితోనో కాక నీళ్లతో అన్నట్టు అన్నాడు. "నన్ను ఎత్తితె నాకేమనిపియ్యదు. నేను పడ్తనేమో అని సూస్తుంటరు సూడు, నడుస్తుంటె. గది. గా సూపుకు పానం పోతది."

హెప్సిబా అతని వైపు చూసి చూపు తిప్పుకుంది. మేం ముగ్గురం రెండేళ్లుగా ఒకే నీళ్లలో ఈదుతున్నాం. ఆ మాటలు అప్పటిదాకా ఎవరి ఒడ్డున వాళ్లం దాచుకున్నాం.

ఇంటికి వచ్చి, పదిహేడేళ్లు ఒక పేరు వెనుక పెట్టి ఉంచినదాన్ని కొలతల్లోకి మార్చాను. అది అనుకున్నంత తేలిక కాదు. నాకు ఏం కావాలో నా చేతులకు తెలుసు, నాకు తెలియదు. నాయన టేపు తీసుకోలేదు. నేతపనిలో అలవాటైనట్టు జానలతో, వేళ్లతో కొలిచాడు. కుర్చీ ఎత్తు రెండు జానలు, మూడు వేళ్లు. నేను చేతుల మీద లేవగలిగింది ఇంకో నాలుగు వేళ్లు. కడ్డీల మధ్య దూరం మూడు జానలు దాటకూడదు.

"దేనికి బిడ్డా గీ కొలతలన్ని?"

"బండికి నాయనా."

ఆయన నా అరచేతిని తిప్పి చూశాడు. చక్రాలు తిప్పి తిప్పి కాయలు కాసిన చోట బొటనవేలితో నొక్కాడు. "నాకంటె గట్టిగున్నయి," అని మగ్గం దగ్గరికి పోయాడు. మా ఇంట్లో అంతకుమించి ఎవరూ ఏదీ మాట్లాడరు.

మురాద్‌కు మళ్లీ ఫోను చేశాను. ఈసారి బండి పేరు చెప్పలేదు. నా ఒంటి గురించి చెప్పాను, ఏది పనిచేస్తుందో, ఏది పనిచేయదో. నన్ను ఎవరూ ఎత్తకూడదు అని రెండో భాషలో చెప్పడం తెలుగులో చెప్పినదానికంటే సులువుగా ఉంది. అతను మధ్యలో ఆపలేదు. తుఫాన్ ఊసు కూడా ఎత్తలేదు. అది అతని మర్యాద. కొలతలు పంపమన్నాడు. జానలను అంగుళాలు చేసి పంపాను.

తరువాత ఎనిమిది రోజులు నా ఫోనులోకి బండ్లు వచ్చాయి. తెల్లవి, బూడిదరంగువి, ఎడారి ఎండలో నిలబడినవి. ప్రతి బొమ్మలో తలుపు దగ్గర ఇనుప టేపు, దాన్ని పట్టుకున్న లావుపాటి వేళ్లు. ఒకటి ఎత్తు. ఒకటి పక్కకు జరిగే తలుపు, పట్టు లేదు. ఒకదానికి అన్నీ కుదిరాయి, కడ్డీల మధ్య దూరం నాలుగు జానలు. ఒద్దు భాయ్ అని పంపేదాన్ని. సరేనమ్మా అని వచ్చేది. కండెలు చుడుతూ ఆ బొమ్మలు చూసేదాన్ని. నేనెన్నడూ చూడని ఊళ్లో, నేనెన్నడూ చూడని మనిషి నా చేతుల కొలత పట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతున్నాడు. ఆ ఊహ నాకు విచిత్రంగా ఉండేది. ఎవరో నన్ను మోస్తున్నారు కానీ ఎత్తడం లేదు.

తొమ్మిదో రోజు పాత వ్యాను ఒకటి వచ్చింది. పెయింటు పోయింది. వెనుక నేల బాగా కిందికి ఉంది. గాలి సిలిండర్లు తీసుకుపోయేందుకు తనే అలా కోయించుకున్నానని మురాద్ చెప్పాడు. నడుము నొప్పి, బరువులు ఎత్తలేను అన్నాడు. "ఎత్తుడు నాకు గూడ ఇష్టం లేదు బెహన్," అన్నట్టు నాకు వినపడింది. బెంచీలు తనే వేయిస్తానన్నాడు. కడ్డీలు నా కొలతకు బిగిస్తానన్నాడు.

ఆ కడ్డీలు పట్టుకుని వ్యాను ఎక్కినప్పుడు మస్కట్‌లో తెల్లవారుతోంది. అంతకుముందు విమానం దగ్గర నన్ను ఎవరూ ఎత్తకుండా సాంసన్ అన్న ముందే మాట్లాడి పెట్టాడు. సీట్ల మధ్య దూరే సన్నటి చక్రాల కుర్చీని నా కుర్చీ పక్కన పెట్టించి, నేను జరిగేదాకా నలుగురు సిబ్బందిని పక్కకు తిరిగి నిలబడమన్నాడు. మురాద్ పొట్టిగా, తెల్లగడ్డంతో, బొమ్మల్లోని ఆ వేళ్లతోనే ఉన్నాడు. వ్యాను వెనుక తలుపులు రెండూ తీసి, పెళ్లివారిని పిలిచినట్టు చేయి చూపించాడు. నేను వీపు తిప్పాను, పట్టుకున్నాను, లాగాను. నేల కిందికి జారినట్టు, నేను కూర్చున్నట్టు. అంత తేలికగా ఎప్పుడూ కాలేదు.

దారి పొడుగునా కొండలు. మా పాలమూరు గుట్టల మీంచి చెట్లనూ పొదలనూ ఎవరో చేత్తో తుడిచేసినట్టు ఉన్నాయి. ఎదురెదురుగా కూర్చున్న మా మోకాళ్లు తగులుతున్నాయి. హెప్సిబా నిద్రపోతోంది, ఆమె తల దేవరాజు భుజం మీదికి వాలుతూ ఆగుతూ ఉంది. కొండ మలుపు తిరిగినప్పుడల్లా ఒక నీలం ముక్క కనిపించి మాయమవుతోంది. దాన్ని నేను చూస్తున్నానా, అది నన్ను చూసి దాక్కుంటోందా తెలియలేదు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే ఎక్కడో ఒక చోట దిగాల్సి వస్తుందని అందరికీ అనిపించిందేమో.

దిగాల్సిన చోటు వచ్చింది. మేం పడవ రేవు నుంచి నీళ్లలోకి దిగాలి. రేవు మెట్లు నీటి అంచుదాకా ఉంటాయని, సోమశిలలో లాగే మెట్టు మెట్టు మీదా కూర్చుంటూ దిగొచ్చని సాంసన్ అన్న చెప్పాడు. కానీ ఆ వేళ రేవు దగ్గర కెరటాలు ఎక్కువగా ఉన్నాయని, పక్కనున్న చిన్న అఖాతంలో నేర్పుతానని గురువు కబురు పెట్టాడు. అక్కడ మెట్లు లేవు. ఇసుక. గురువు మనుషులు ఇద్దరు నల్లటి రబ్బరు బట్టల్లో నవ్వుతూ మావైపు వచ్చారు. వాళ్ల చేతులు అప్పటికే ఒక ఆకారంలో ఉన్నాయి. ఆ ఆకారం నాకు తెలుసు.

కుర్చీ దించి చూశారు. ముందు చక్రాలు ఇసుకలో మునిగిపోయాయి.

సాంసన్ అన్న నా దగ్గరికి వచ్చాడు. "చెల్లె," అన్నాడు. అడగాలని ఉంది, అడగలేకపోతున్నాడు. ఆ ఇద్దరూ నిలబడే ఉన్నారు. గురువు నీళ్లలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. నలభై అడుగులు. ఎవరికీ నేను వివరించనవసరం లేదు, కళ్లు మూసుకుంటే అరనిమిషం. నా ఒళ్లు నన్ను అడగకుండానే మెత్తబడటం మొదలుపెట్టింది.

"మురాద్ భాయ్," అన్నాను. "బండి ఇంకొంచెం ఎనుకకు పోతదా?"

అతను ఇసుకను చూశాడు, నన్ను చూశాడు, వ్యాను ఎక్కాడు. నేను తలుపుల దగ్గర కూర్చునే ఉన్నాను. వ్యాను వెనక్కి, సముద్రంవైపు మెల్లగా కదిలింది. పొడి ఇసుక దాటింది. తడి ఇసుక మీదికి వచ్చింది. ఎడమ టైరు దిగబడి, తిరిగి, ఆగింది. మురాద్ తల బయటపెట్టి చేతులు తిప్పాడు. ఇక పోదు. సగం దూరం మిగిలింది.

నేను కిందికి చూశాను. మూడో తరగతిలో, బడి ఆవరణలో, నేను కూర్చుని తిరిగే చక్రాల పీట విరిగిన రోజు గంట కొట్టేలోపు గదికి చేరాలని నేల మీద దేకుతూ పోయాను. వెనుక కాళ్లు ఈడ్చుకుంటూ. మట్టిలో రెండు చాళ్లు పడ్డాయి. మధ్యాహ్నం పిల్లలు ఆ చాళ్ల మీద ఒకరి వెనుక ఒకరు బస్సు ఆట ఆడుకున్నారు. ఆ తరువాత ఇంట్లో తలుపులు మూసి ఉన్నప్పుడు తప్ప నేను ఎన్నడూ దేకలేదు. ఎత్తించుకోనన్న నా పట్టుదల అందరికీ కాకపోయినా ఈ ముగ్గురికీ, మురాద్‌కూ తెలుసు. ఇది ఎవరికీ తెలియదు. ఎత్తనివ్వకపోవడానికి ఒక ధైర్యం చాలు. దీనికి ఇంకేదో కావాలి. అది నా దగ్గర ఉందో లేదో చూసుకునే సమయం లేదు. బండి నేల మీద అరచేతులు ఆనించి ఇసుకలోకి జారాను.

ఇసుక పైన వెచ్చగా, లోపల చల్లగా ఉంది. ఒక చేయి, ఇంకో చేయి, నడుము, వెనుక కాళ్లు. చాళ్లు పడుతున్నాయని చూడకుండానే తెలుసు. ఆ ఇద్దరు మనుషులు ముందుకు రాబోతే సాంసన్ అన్న ఏదో అరబ్బీ మాట గట్టిగా అన్నాడు, ఆగిపోయారు. ఆయన నాకంటే ముందు నీళ్లలోకి పోయి, నావైపు తిరిగి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. హెప్సిబా నా పక్కన కుంటుతూ నడుస్తోంది. దేవరాజు పెట్టుడు కాలు తీసి భుజాన వేసుకుని గెంతుతున్నాడు.

"అక్కా, గింత మెల్లగైతె చేపలన్ని అన్నం దిని పండుకుంటయి," అంది హెప్సిబా.

"నువ్వు దేకు, తెలుస్తది," అన్నాను రొప్పుతూ.

"నా కొత్త బట్టలు పాడైతయి."

మొదటి అల నా వేళ్లను తాకి వెనక్కి పోయింది. రెండోది మణికట్టు దాకా. చేతులు నొప్పి, మోచేతుల్లో ఇసుక కోతలు. మూడో అలకు నడుము కింద నేల కొంచెం వదులైంది. ఇంకో చేయి. ఇంకో చేయి. ఉప్పు నోట్లోకి పోయింది. వెనుక ఈడ్చుకొస్తున్న బరువు ఎక్కడికో పోయినట్టు అనిపించి తిరిగి చూశాను. నా కాళ్లు ఇసుకను వదిలి, పైకి తేలి, ఒకదాని పక్కన ఒకటి, నా పక్కకు వస్తున్నాయి. వాటిని అలా నేను ఎన్నడూ చూడలేదు. కృష్ణలోనూ చూడలేదు, అక్కడ నీళ్లు మట్టి రంగు. ఇక్కడ కాలి గోళ్లు కూడా కనిపిస్తున్నాయి.

చివరి చేయి వేశాను. కింద నేల తగల్లేదు.

గురువు సిలిండరు నీళ్ల మీద తోసుకుంటూ దగ్గరికి వచ్చి, నోట్లో పెట్టుకునే గొట్టం నా ముందు పట్టుకున్నాడు. ఏదో అడిగాడు.

"దిగుదమా అంటుండు," అన్నాడు సాంసన్ అన్న. చేతులు ఇంకా వెనుకనే ఉన్నాయి. "తయారేనా?"

"ఒక్క నిమిషం అన్నా."

"ఏమైంది? దెబ్బ తాకిందా?"

"ఏం గాలె," అన్నాను. "జర గిట్లనే ఉండనీ."